గట్టి తాళం

...ఎందుకంటే ఊరికే ఇచ్చేవాడి మనసులో ఏదో ఒక లోటు ఉండి తీరుతుంది. మనిషి దేన్నయినా వదులుకుంటాడు గానీ ప్రతిఫలాన్ని వదులుకోడు. వదులుకున్నాడంటే చిన్నతనంలో అతన్ని ఎవరో ముద్దు చెయ్యలేదన్నమాట. ముద్దెరగనివాడు చేసిన తాళాన్ని నమ్మి ఇంతమంది గుండెల్ని దాని వెనక దాచడమా?

ఇలా ఆలోచిస్తూ ఆయన లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. మనసు బాగాలేనివాళ్ళ గోడు విని ఊరడించడం ఆయన వృత్తి. వీధిలో అందరూ మనసు డాక్టరంటారు. వచ్చినవాళ్ళు చెప్పిందంతా ఆ లాప్‌టాప్‌లో రాసుకుంటాడు. "రోగి రహస్యమే నా ప్రాణం" అని గోడమీద ఫ్రేము కట్టించి మరీ పెట్టాడు.

డిస్కు మొత్తానికి తాళం వేసే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి బావమరిది ఎక్కించి ఇచ్చాడు. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. పాస్‌వర్డ్ తెలియనివాళ్ళకు డిస్కులో ఉన్నదంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుందట. ఆనాటినుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

"దీన్ని చేసిందెవరు?"

"ఎవరెవరో బావా. తలా ఒక దేశంలో ఉంటారు."

"మొహం చూడనివాడిని ఎలా నమ్మమంటావు?"

"మొహంతో పనేముంది? ఎలా చేశారో మొత్తం బయటే పెట్టారు. తెలిసినవాళ్ళు చదివి తప్పుంటే పట్టుకుంటారు."

"అంటే తాళం కడుపులో ఏముందో దొంగక్కూడా చూపించారన్నమాట."

"చూస్తే చూడనీ. తాళంచెవి నీ దగ్గరుందిగా."

"నువ్వు చదివావా?"

"నేనా... చదివినవాళ్ళున్నారని చదివాను."

మనసు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. అనుమానం తనది కాదు, శాస్త్రానిది అన్నంత ధీమాగా ఒక పరీక్ష పెట్టాడు. లాప్‌టాప్ బావమరిది చేతికిచ్చి, "వారం టైమిస్తున్నాను. పగలగొట్టు చూద్దాం" అన్నాడు.

వారం తిరిగాక బావమరిది సరిగ్గా భోజనాల వేళకు వచ్చి లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి దణ్ణం పెట్టాడు.

"నావల్ల కాలేదు బావా. రాత్రీపగలూ కుస్తీ పట్టాను. ఒక్క అక్షరం రాలలేదు. ఆ లిఫ్టు మెకానిక్ రహస్యం లోపల భద్రంగా ఉంది."

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఏ మెకానిక్?"

"అదే, లిఫ్టెక్కాలంటే కాళ్ళు వణికే మెకానిక్. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని నీ దగ్గర ఏడ్చాడట కదా, పాపం."

"అయితే తెరిచావన్నమాట! నేను ముందే అనుకున్నాను."

"తెరవలేదు బావా. అక్క చెప్పింది."

ఆయన భార్యవైపు తిరిగాడు. ఆవిడ గరిటె దించి వింతగా చూసింది.

"నాకు మీరేగా చెప్పారు, ఆ కుర్చీలోనే కూర్చుని. ఇంట్లో చిలకతో తప్ప మాట్లాడని జడ్జిగారి సంగతీ మీరే చెప్పారు. చీకటంటే జడిసే కాపలావాడి సంగతీ మీరే చెప్పారు."

"నీకు చెప్పడం వేరు. నువ్వు ఇంటిమనిషివి."

"వీడు పరాయివాడా ఏమిటి? ఆమాటకొస్తే మేడమీద పిన్నిమాత్రం పరాయిదా?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. ఈ జబ్బుకు శాస్త్రంలో ఏదో గంభీరమైన పేరుండాలని వెతుక్కున్నాడు. ఎంత వెతికినా, వాగుడు అనే మాట తప్ప ఇంకేదీ తట్టలేదు.

అంతలో గంట మోగింది. వచ్చింది ఆ మెకానిక్కే. మెట్లెక్కి వచ్చాడేమో, రొప్పుతూ ముందుగదిలో కూర్చున్నాడు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న మీ లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చాను సార్. లోపలికి అడుగెయ్యలేక నిలబడిపోతే, మేడమీది పెద్దావిడ వచ్చి 'భయపడకు నాయనా, నేనున్నాను' అంది. నా మొహం చూసే కనిపెట్టేసింది సార్. మహాతల్లి."

ఆయన తల వంచుకున్నాడు.

"ఇంత మంచివాళ్ళ మధ్య దాపరికం ఎందుకనిపించింది. పోయినసారి సగమే చెప్పాను. అసలా భయం ఎలా మొదలైందో, ఆరోజు లిఫ్టులో నా పక్కన ఎవరున్నారో ఇవాళ చెప్పేస్తాను. అది బయటికి పొక్కితే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, నా సంసారమే నిలవదు. మీ లాప్‌టాప్‌కి గట్టి తాళమే ఉంది కదా సార్?"

"చాలా గట్టిది," అన్నాడు ఆయన. ఆ మాట నిజమే.

భోజనాల గదిలో పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. మెకానిక్ గొంతు సవరించుకుని ముందుకు వంగాడు.

మనసు డాక్టరు రెండు చేతులూ ఎత్తి, చెవులు గట్టిగా మూసుకున్నాడు.