ప్రగతి చూపని ఎలుకలు

ఏ ప్రాణి ఎంతకాలం బతకాలో నిర్ణయించే అధికారం ఈ లోకంలో విధాతకు, ఆయన తర్వాత పరిశోధనల పర్యవేక్షణ విభాగానికి మాత్రమే ఉంది. (విధాత సంజాయిషీ అడగడు. తేడా అంతే.)

ఈ సంగతి తెలియక ఒక శాస్త్రవేత్త చిక్కుల్లో పడింది. ముసలితనాన్ని తొందరపెట్టే జన్యువొకటి ఆమెకు దొరికింది. దాని నోరు నొక్కేస్తే, అంటే పనిచేయకుండా ఆపేస్తే, ఆయుష్షు పెరుగుతుందని ఆమె నమ్మకం. అలా ఆ జన్యువు నోరు నొక్కి పెంచిన ఎలుకలు, తమ ఈడువన్నీ కాలం చేశాక కూడా నిక్షేపంగా చక్రం తిప్పుతున్నాయి. వాటిలో పెద్దదాన్ని ఆమె ‘తాతగారూ’ అని పిలిచేది. పిలిస్తే పలికేది కూడా.

చిక్కల్లా నిబంధనతో వచ్చింది. ఎలుక ఎంతకాలం బతికిందో అది పోతేగాని తేలదు కనుక, పోయిన ఎలుకనే ఫలితంగా లెక్కించాలి. ఆమె లెక్క సున్నా. పక్కగదిలో ఏసీ చెడి ఎలుకలన్నీ ఒక్కసారే పోయిన సహోద్యోగికి మాత్రం, గడువుకు ముందే పని ముగించినందుకు సన్మానం జరిగింది. (పూలగుత్తి ఇచ్చారు. ఏసీ ఇంకా బాగుకాలేదు కనుక అది సాయంత్రానికే వాడిపోయింది.)

చివరికి పర్యవేక్షణాధికారే స్వయంగా వచ్చి, బోనులో తాతగారిని కళ్లద్దాలు సవరించుకుని మరీ చూశాడు.

“ఇంకా ఉందే?” అన్నాడు.

“ఉండటమే కదండీ నా పరిశోధన.”

“అది మీ ఉద్దేశం, మేడమ్. మాకు కావలసింది ఫలితం.”

ఆ వెంటనే మరణ జాప్య విచారణ సంఘం ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు పదవీ విరమణ చేశాడు. రెండో ఆయన విచారణ మధ్యలోనే కన్నుమూశాడు. ఈ వ్యవహారం మొత్తంలో గడువులోగా పోయింది ఆయనొక్కడే కావడంతో, సంతాప సభలో ఆయన క్రమశిక్షణను అందరూ కొనియాడారు. మూడో అధ్యక్షుడు ఎందుకైనా మంచిదని వెంటనే తీర్పు చెప్పేశాడు. నెలాఖరులోగా ఒక్క ఫలితమైనా రాకపోతే పరిశోధన మూసేసి, ఎలుకలన్నింటినీ అంతం చేయాలి.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. ఒక్క ఎలుకనైనా ఇంటికి తెచ్చి దాచేద్దామన్నాడు భర్త. అత్తగారు మాత్రం అంతా విని, మర్నాటి నుంచి ఎవరడిగినా తన వయసు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.

నెలాఖరు రోజు ఆమె వెళ్లేసరికి తాతగారు గింజలు సగం తిని, చక్రం పక్కనే ముడుచుకుని పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. అరచేతిలోకి తీసుకుంటే దూదిపింజలా ఉంది. దానికోసం ఏడవాలో, మిగతావి గండం గట్టెక్కాయని ఊపిరి పీల్చుకోవాలో తెలియక, రెండూ చేస్తూ అక్కడే కూలబడింది.

కాసేపటికి, కబురు అందుకున్న పర్యవేక్షణాధికారి ఫోను చేశాడు. ఆయన గొంతులో అంత ఆప్యాయత ఆమె మునుపెన్నడూ వినలేదు.

“శుభారంభం, మేడమ్. ఇదే ఊపు కొనసాగించండి.”