నిండుకున్న మందుల గది

మా ఆసుపత్రిలో మందులు లేవన్న అపవాదు శాశ్వతంగా తొలగిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మందులు రాలేదు. మందుల గది చూసే ఆవిడకు జబ్బు నయమైంది.

ఆవిడను అందరూ పిన్ని అంటారు. తనిఖీకొచ్చిన అధికారి ఫిట్స్ మాత్రలున్నాయా అని అడిగితే, "నిండుకున్నాయండీ" అంది. ఆయన మురిసిపోయి, గది నిండా ఉన్నాయని పైకి రాశారు. పైవాళ్ళు ఇంకా మురిసిపోయి, రావలసిన పెట్టెలు ఆపేశారు. నిండుకోవడమంటే అయిపోవడమని వంటింట్లో తిరిగిన వాళ్ళందరికీ తెలుసు. కానీ అధికారి పొరపడటానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి లోపం పిన్ని మెదడులోనే ఉండి తీరాలి.

నరాల వైద్యుడు ఆవిడ మోకాలి మీద సుత్తితో కొట్టాడు. కాలు లేచింది. గడియారం బొమ్మ గీయమంటే గీసింది. తర్వాత ఖాళీ డబ్బా బొమ్మ చూపించాడు.

"ఇదేంటమ్మా?"

"డబ్బా బాబూ. నిండుకుంది."

వైద్యుడు నిట్టూర్చి, ఇక వెళ్ళమన్నాడు. "వస్తాను బాబూ" అని పిన్ని వెళ్ళిపోయింది. రాకకూ పోకకూ తేడా తెలియడం లేదని కూడా తేలింది.

మంచాన పడ్డ మొగుడికి పిన్ని జీతమే దిక్కు. ఆలోచనలు సరిచేయించుకుంటేనే ఉద్యోగమన్నారు. చికిత్స చేసే నిపుణురాలు పిన్ని మణికట్టుకు రబ్బరు బ్యాండు తొడిగింది.

"మందులు లేవన్నది వట్టి ఆలోచన పిన్నీ. అది మారిస్తే మనసు తేలికైపోతుంది."

"అరలు ఎప్పుడో తేలికైపోయాయి తల్లీ."

"అదిగో, మళ్ళీ! లాగి వదలండి."

చురుక్కుమంది. మణికట్టు వాచేసరికి ఆలోచన దారికొచ్చింది.

మరునాడు భర్తకు ఫిట్స్ వచ్చే ఒకామె కిటికీ పట్టుకుంది. "పిన్నీ, రాత్రి ఆయనకి రెండుసార్లు వచ్చింది. నాలుగు మాత్రలైనా ఇవ్వవా?"

పిన్ని ఇంట్లో మంచాన్ని తలుచుకుంది. రబ్బరు బ్యాండు లాగి వదిలింది.

"అన్నీ నిండుగా ఉన్నాయమ్మా."

"అయితే ఇవ్వు మరి!"

"రేపు రా."

ఆమె రోజూ వచ్చింది. తర్వాత రావడం మానేసింది. ఆ ఇంట్లో మాత్రల అవసరం తీరిపోయిందని అధికారి పైకి రాశారు.

పిన్ని ఉద్యోగం నిలిచింది. నిపుణురాలికి సన్మానం జరిగింది. "కొరత మందుల్లో లేదు, మన దృక్పథంలో ఉంది!" అని అధికారి ఉపన్యసించారు. సభ మారుమోగింది. ఆనాడు కిటికీ దగ్గర మాత్రలడిగిన ఆమె వెనకే వరుసలో నిలబడి అంతా విన్న మీరు కూడా చప్పట్లు కొట్టారు. చేతులెత్తినప్పుడు మీ మణికట్టుకున్న రబ్బరు బ్యాండు కనిపించింది.