వేణుమాధవ్ గారి లెగసీ డేటా

పాట్‌లక్‌లో పిల్లల ఉద్యోగాల గురించి అబద్ధాలాడే తల్లిదండ్రులను పిలిచి, శాలువా కప్పి, సన్మానం చేయాలి!

తొందరపడి పేజీ తిప్పేయకండి. ఒక్క క్షణం ఆలోచించండి. ఈ అబద్ధాలే లేకపోతే పరాయి దేశంలో శనివారం సాయంత్రం తలా ఒక వంట పట్టుకుని ముప్పై మంది తెలుగువాళ్లు ఒక బేస్‌మెంట్‌లో చేరి ఏం మాట్లాడుకుంటారు? పులిహోర గురించి ఎంతసేపని మాట్లాడతారు?

ఇర్వింగ్‌లో ఒకాయన కొడుకు రోజంతా డ్రమ్స్ వాయిస్తాడు. తండ్రి దాన్ని 'సౌండ్ ఇంజనీరింగ్' అన్నాడు. సన్నీవేల్‌లో ఒకావిడ కూతురు నలుగురి కుక్కలను వాకింగ్‌కి తీసుకెళ్తుంది. తల్లి 'లాజిస్టిక్స్' అంది. ఇంకొకరి అబ్బాయి మధ్యాహ్నం రెండింటిదాకా లేవడు. వాళ్లు 'వెస్ట్ కోస్ట్ టీమ్, అక్కడ టైమ్ మూడు గంటలు వెనక' అన్నారు. ఇందులో ఎవరికి నష్టం జరిగింది? విన్నవాళ్లు తృప్తిగా ఇంకో గారె వేసుకున్నారు, అంతే కదా!

అయినా మన సమాజంలో అబద్ధానికి గౌరవం లేదు. అది ఎంత కష్టమైన పనో ఎవరికీ తెలియదు. తెలియాలంటే మోరిస్‌విల్‌లో ఉండే వేణుమాధవ్ గారి గురించి వినాలి.

వేణుమాధవ్ గారు డేటాబేస్‌ల మనిషి. పాతికేళ్లుగా రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ అనే ఆఫీసుల పేటలో ఒక కంపెనీ డేటాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమే ఆయన పని. మార్చడం పూర్తయ్యేసరికి ఆ రెండో చోటు పాతబడిపోతుంది కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు. ఆయనకు ఒక్కతే కూతురు, రాగిణి. ఆ అమ్మాయి మెడిసిన్ చదవలేదు, కంప్యూటర్లూ చదవలేదు. వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో చేత్తో రాసిన మూలికల పుస్తకాల మీద పీహెచ్‌డీ చేస్తోంది.

ఏ ఆకు నూరితే దగ్గు తగ్గుతుంది, ఏ వేరు కడితే కుక్క కాటు మానుతుంది అని ఆ కాలం వాళ్లు తోలు పత్రాల మీద రాసుకున్న పుస్తకాలవి. ఆ మందులు పనిచేశాయో లేదో రాగిణికి అక్కర్లేదు. ఆమెకు కావలసింది మాటలు. ఇంగ్లిష్‌లో చాలా మొక్కల పేర్లు మొట్టమొదట రాతలో కనబడేది అలాంటి పుస్తకాల్లోనే. ఒక్కో మొక్కకు లాటిన్ పేరు, ఫ్రెంచ్ పేరు, ఊళ్లోవాళ్లు పిలుచుకునే ఇంగ్లిష్ పేరు పక్కపక్కనే రాసేవారు. వాటిలో కొన్ని పేర్లు ఏ మొక్కవో ఇప్పుడు ఎవరికీ తెలియదు. పేరు మిగిలింది, మొక్క ఏదో తెలియకుండా పోయింది. రాగిణి వాటి వెంట పడింది.

వేణుమాధవ్ గారు మొదట్లో ఈ సంగతి నిజాయితీగానే చెప్పారు. చక్రధర్ గారింట్లో, మిరపకాయ బజ్జీల ట్రే పక్కన నిలబడి చెప్పారు. చక్రధర్ గారు ఆ ఏరియా మొత్తానికి అనధికార కెరీర్ కౌన్సెలర్. ఎవరి పిల్లలు ఎక్కడ చేరాలో, ఎక్కడ చేరి తప్పు చేశారో ఆయన బజ్జీ నములుతూ చెప్పేయగలరు. ఆయన అంతా విని, జాలిగా చూసి, ఒక్క మాట అడిగారు.

"మరి దాంట్లో స్కోప్ ఏముందండీ?"

ఆ 'స్కోప్' అన్న మాట వేణుమాధవ్ గారికి మూడు వారాలపాటు నిద్ర పట్టనివ్వలేదు. కూతురి మీద కోపం రాలేదు. చక్రధర్ గారి మీదా రాలేదు. సమాధానం చెప్పలేకపోయినందుకు తన మీద తనకే వచ్చింది.

తర్వాతి పాట్‌లక్‌లో వేరొకరు అదే అడిగితే ఆయన నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది: "లెగసీ డేటా."

పాత సిస్టమ్స్‌లో మిగిలిపోయిన డేటాకు డేటాబేస్‌లవాళ్లు పెట్టుకున్న పేరది. ఆహా! ఆ రెండు మాటల మహిమ ఏమని చెప్పాలి? నలుగురూ కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు. చక్రధర్ గారు కూడా డేటాబేస్‌లవారే కావడంతో ఆయనే క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టారు. డేటా వచ్చే సోర్స్ సిస్టమ్స్ ఎన్ని అని అడిగారు. మూడు, లాటిన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ అన్నారు వేణుమాధవ్ గారు. అవి ప్రాజెక్టు కోడ్ నేమ్స్ అనుకుని చక్రధర్ గారు తల ఊపారు. డాక్యుమెంటేషన్ ఎలా ఉందని అడిగారు. పురుగులు తినేశాయని జవాబు. మరి వెండర్ సపోర్ట్? రాసినవాళ్లెవరూ ఇప్పుడు అందుబాటులో లేరని వేణుమాధవ్ గారు విచారంగా చెప్పారు. అన్ని కంపెనీల్లోనూ ఇదే గోల అని అందరూ నిట్టూర్చారు.

గమనించారా? ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు! ఇంత శుభ్రమైన అబద్ధం ఆడాలంటే ఎంత చదవాలి?

చదివారు మరి. అబద్ధానికి మెయింటెనెన్స్ ఉంటుంది కదా. ప్రతి నెలా చక్రధర్ గారు కొత్త ప్రశ్నతో వస్తారు. రాగిణి తన థీసిస్ చాప్టర్లను బ్యాకప్ కోసం ఇంట్లో అందరూ వాడే ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టుకునేది. వేణుమాధవ్ గారు లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని, పెరుగన్నం తింటూ అవి చదవడం మొదలుపెట్టారు. మొదట అబద్ధానికి సరిపడా చదివారు. తర్వాత అబద్ధానికి అక్కర్లేనివి కూడా చదివారు.

డైసీ పువ్వు పేరు ఒకప్పుడు 'పగటి కన్ను' అని ఆయనకు తెలిసింది. పొద్దున విచ్చుకుని సాయంత్రం మూసుకుంటుంది కాబట్టి ఆ పేరు. డాండిలయన్ అంటే సింహం పన్ను. తమ వంటింట్లో రోజూ దంచే గార్లిక్ పేరులో ఒక ఈటె దాగి ఉందట. ఎప్పుడో ఎవరో పల్లెటూరి మనిషి వెల్లుల్లి రెబ్బను చేతిలో పట్టుకుని, ఇది ఈటె మొనలా ఉందే అనుకున్నాడు. ఆ అనుకోవడం ఇవాళ్టికీ మోరిస్‌విల్ గ్రోసరీ షాపులో సంచి మీద అచ్చేసి ఉంది. ఇది చదివిన రోజు వేణుమాధవ్ గారు మధ్యాహ్నం మీటింగ్ సంగతి మరిచిపోయారు.

సాయంత్రం వాకింగ్‌లో ఆయన వంగి గడ్డిలోకి చూడటం చూసి, భార్య ప్రమోద కారు తాళాలు పడిపోయాయేమో అనుకుని తానూ వంగి వెతికింది. ఆమెకు కూడా ఆయన అసలు సంగతి చెప్పలేదు. కూతురికి అసలే చెప్పలేదు. నీ థీసిస్ చదువుతున్నానమ్మా, బాగుంది అని చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? అది అబద్ధం కాదు కదా, అందుకని నోరు పెగల్లేదు!

ఇక సొరకాయ పాట్‌లక్ సంగతికి వద్దాం.

ఆ నెల ఎవరు ఏ వంట తెస్తారో రాసుకునే పాట్‌లక్ షీట్ చక్రధర్ గారి అబ్బాయి విశాల్ తయారు చేశాడు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ఉద్యోగస్తుడని పేరు, పద్ధతి గలవాడు. ఒక కూరగాయ ఒక్కసారే రావాలి, డూప్లికేట్స్ వద్దు అని రూల్ పెట్టాడు. ప్రమోద 'ఆనపకాయ కూర' అని రాసింది. కరీంనగర్ నుంచి వచ్చిన కొండల్ రావు గారు 'సొరకాయ కూర' అని రాశారు. ఇంకెవరో 'బాటిల్ గార్డ్ కర్రీ' అని రాశారు. మూడు పేర్లూ మూడు కూరగాయలే అనుకుని విశాల్ మూడింటికీ ఓకే చెప్పాడు. శనివారం రేకు మూతలు తీసి చూస్తే మూడు ట్రేల్లోనూ ఒకే కూర!

"ఇదంతా సొరకాయనే గద," అన్నారు కొండల్ రావు గారు, మూడో మూత కూడా తీసి చూసి.

అందరూ నవ్వారు. వేణుమాధవ్ గారు మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రాగిణి మూడో చాప్టర్‌లో, ఒక పాత మూలికల పట్టికలో ఒకదాని కింద ఒకటి రెండు పేర్లున్నాయి. ఒకటి ఏ మొక్కదో తెలుసు, రెండోది ఎవరికీ తెలియదు. ఆ పట్టిక కట్టినవాడు కూడా విశాల్ లాంటివాడేనేమో అని ఆయనకు తోచింది.

సరిగ్గా అప్పుడే చక్రధర్ గారు రాగిణిని పట్టుకున్నారు. చాలా రోజుల తర్వాత పాట్‌లక్‌కి వచ్చిన పిల్ల. "నీ డేటా మైగ్రేషన్ ప్రాజెక్ట్ గురించి మీ నాన్న చెబుతూనే ఉంటారమ్మా, రెజ్యూమె పంపు, మా టీమ్‌లో ఓపెనింగ్ ఉంది," అన్నారు ఎంతో ప్రేమగా. రాగిణి తండ్రి వైపు చూసింది. ఆయన సొరకాయ వైపు చూశారు.

అక్కణ్ణుంచి కార్‌లో బయల్దేరారు. మొదటి మలుపు తిరిగాక రాగిణి అంది.

"మీకు అంత ఎంబరాసింగ్‌గా ఉంటే ఫ్రైడే నా డిఫెన్స్‌కి రావద్దు, నాన్నా."

థీసిస్ అంతా ప్రొఫెసర్ల ముందు నిలబడి సమర్థించుకునే రోజది. కావలసినవాళ్లు వచ్చి వెనక కూర్చుని వినవచ్చు. ఆరేళ్ల చదువుకు అదే పెళ్లిరోజు లాంటిది. అక్కడికి రావద్దంది. నేనంతా చదివానమ్మా అని చెప్పాల్సిన చోటు అదే. వేణుమాధవ్ గారు మాత్రం టోల్ రోడ్డు మీద వెళదామా, మామూలు రోడ్డు మీద వెళదామా అని ప్రమోదను అడిగారు.

శుక్రవారం ఆయన వెళ్లారు. రావద్దన్న చోటికి వెళ్లడం జీవితంలో అదే మొదటిసారి. చివరి వరుసలో, తలుపు పక్కన, బయటికి పొమ్మంటే పోవడానికి వీలుగా కూర్చున్నారు. రాగిణి చూసింది, చూడనట్టు ఊరుకుంది. గంటసేపు మాట్లాడింది. ప్రొఫెసర్లు అడిగారు, చెప్పింది. ఆఖర్న పెద్ద ప్రొఫెసర్ అలవాటు ప్రకారం, వచ్చినవాళ్లలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా అన్నాడు. అలాంటప్పుడు ఎవరూ అడగరు, అందరూ చివర్లో కోయబోయే కేక్ వైపు చూస్తారు.

వేణుమాధవ్ గారు చెయ్యెత్తారు.

మూడో చాప్టర్‌లో ఏ మొక్కదో తెలియదన్న ఆ పేరు, పైనున్న మొక్కకే ఇంకో ఊళ్లో ఉన్న పేరు ఎందుకు కాకూడదు అని ఇంగ్లిష్‌లో అడిగారు. రెండూళ్ల పట్టికలను, ఆ రెండూళ్లూ ఎరగని మనిషెవడో కలిపేసి ఉండొచ్చు కదా అన్నారు. డూప్లికేట్ రికార్డ్ అన్న మాట కూడా వాడారు. ప్రొఫెసర్లు వెనక్కి తిరిగి చూశారు. రాగిణి వాళ్లందరినీ మరిచిపోయి తెలుగులో అడిగింది.

"మీరు చదివారా?"

"ఫుట్‌నోట్స్ కూడా చదివానమ్మా."

ఆ ఆరేళ్లలో ప్రొఫెసర్లు కాక ఆ థీసిస్ మొత్తం చదివిన మనిషి ఆయనొక్కడే. ఆమె కళ్లు తుడుచుకుని ఇంగ్లిష్‌లోకి వచ్చి జవాబు చెప్పింది. అలా కావడానికి వీల్లేదు, ఒకదాని పువ్వు పచ్చన, ఇంకోదానిది తెలుపు అని ఆ పాత మూలికల పుస్తకంలోనే రాసి ఉందంది. ఆ తర్వాత తండ్రితో, "అయితే ఒక ఫుట్‌నోట్ మిస్సయ్యారు," అంది నవ్వుతూ. తన వాదన అంత ఘోరంగా ఓడిపోయినందుకు అంతగా సంతోషించిన తండ్రి ఆ బిల్డింగ్‌లో అదివరకు ఉండి ఉండడు.

ఆ తర్వాతి పాట్‌లక్‌లో వేణుమాధవ్ గారు ఉన్నదున్నట్టు చెప్పేశారు. మా అమ్మాయి పాత కాలపు మొక్కల పేర్లు చదివింది, డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు అన్నారు. ఆపైన పగటి కన్ను గురించి, ఈటె గురించి, బజ్జీలు చల్లారేదాకా చెప్పారు. చక్రధర్ గారికి కొంచెం ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ అబద్ధమాడారన్నమాట అన్నారు. తానైతే తన అబ్బాయి గురించి ఏనాడూ అబద్ధం చెప్పలేదని, విశాల్ క్లౌడ్ కంప్యూటింగ్‌లో ఉన్నాడని, అందరికీ అదే చెప్పానని అన్నారు.

"క్లౌడ్‌లో ఏం చేస్తాడండీ?" అని అడిగారు వేణుమాధవ్ గారు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. చదివే అలవాటైన మనిషి కదా.

ఊరందరి పిల్లల కెరీర్లూ నోటికి వచ్చిన చక్రధర్ గారు, అటూ ఇటూ చూసి, అవతల ప్లేట్లు సర్దుతున్న కొడుకును పిలిచారు.

"ఒరేయ్ విశాల్, పొద్దున లాప్‌టాప్ పట్టుకుని వెళ్తావు కదా, పగలంతా ఏం చేస్తావురా?"

విశాల్ చేతిలో ప్లేట్లు ఆగిపోయాయి.

"జాబ్ పోయిందని మీకు ఎవరు చెప్పారు, డాడీ?"

చూశారా చదువరులారా, నిజం మాత్రమే చెప్పేవాళ్లకు ఎంత సుఖమో! 'క్లౌడ్' అనేస్తే అయిపోతుంది, ఏమీ తెలుసుకోనక్కర్లేదు. అబద్ధాలకోరుకే పాపం, కార్‌లో కూర్చుని కూతురి పుస్తకమంతా చదవాల్సిన ఖర్మ.

చక్రధర్ గారు ఎప్పట్నుంచిరా అని అడిగారు. వేసవి నుంచి అన్నాడు విశాల్. మరి మాకెందుకు చెప్పలేదు అన్నారాయన, గొంతు తగ్గించి.

"మీరు అడగలేదు కదా, డాడీ."