పరామర్శకు వచ్చువారికి కుర్చీలు కలవు

వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు పట్టణాల్లోనూ ఇంతవరకు ఒక్కరికి కూడా క్యాన్సర్ రాలేదని సగర్వంగా ప్రకటించవచ్చు. జనం రానివ్వరు. ఇక్కడ మనుషులకు 'గడ్డ' వస్తుంది, 'పెద్ద జబ్బు' వస్తుంది, మరీ ఎక్కువైతే 'గదే... గది' వస్తుంది. ఆ చివరిది చెప్పేవాడు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, కనుబొమ్మలు పైకి ఎగరేస్తాడు. కనుబొమ్మలు ఎంత ఎత్తుకు లేచాయన్న దాన్నిబట్టి రోగం ఏ దశలో ఉందో వినేవాడికి అర్థమైపోతుంది. (స్కానింగులో కూడా ఇంత స్పష్టత ఉండదని అనుభవజ్ఞుల మాట.)

ఈ కట్టుబాటును మొదటిసారి ఉల్లంఘించినవాడు హన్మకొండలో టెంట్ హౌస్ నడిపే శ్యాంసుందర్. పెళ్లయినా చావైనా ఊరికి కుర్చీలు, టెంట్లు, వంటపాత్రలు, కొత్తవాడ జంపఖానాలు, శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కిరాయికి ఇచ్చేది ఆయనే. పెద్దపేగులో ఉన్నది ఫలానా అని రిపోర్టు వచ్చిన రోజు, దవాఖాన మెట్లు దిగుతూ ఎదురైన పాలాయనకు "నాకు క్యాన్సరట" అని జబ్బు పేరు పూర్తిగా చెప్పేశాడు. పాలాయన ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"కడుపుల ఒకడు కిరాయికి దిగిండు. అగ్రిమెంటు లేదు, ఏం లేదు. అడగకుంటనే లోపట ఇంకో రూము గూడ కట్టుకుంటాండు" అన్నాడు శ్యాంసుందర్. పాలాయనకు నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ కొంచెం కొంచెం చేసి వెళ్లిపోయాడు.

డాక్టర్ పద్మలత మాత్రం నవ్వలేదు. "ఇంకా వేరే చోటికి పాకలేదు. ఇప్పుడు తీసేస్తే బాగవుతారు. ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను" అని ఆపరేషన్‌కు ఒక తేదీ ఇచ్చింది. మాఘమాసం లగ్గాల సీజన్‌లో టెంట్ హౌస్ షట్టర్ దించితే పాపం తగులుతుందని శ్యాంసుందర్ ఆ తేదీ దాటేశాడు. ఆమె ఇంకోటి ఇచ్చింది. ఫాల్గుణంలో ఇంకా మంచి ముహూర్తాలున్నాయని అదీ దాటేశాడు. మూడో తేదీ ఇస్తూ ఆమె, "ఇదే ఆఖరు. దీని తర్వాత నా చేతుల్లో ఉండదు" అంది.

సీజన్ సంగతి ఉత్త అబద్ధం. సీజన్‌ను ఆయన లేకున్నా పనివాళ్లు నడపగలరు. శ్యాంసుందర్‌కు భయం. కత్తి అంటే భయం, మత్తు సూది అంటే అంతకన్నా భయం, మత్తులోంచి లేవకపోతే తను లేవలేదన్న సంగతి కూడా తనకు తెలియదు కదా అన్నది అన్నిటికన్నా పెద్ద భయం. ఇంత భయాన్ని నోట్లో పెట్టుకుని తిరగడం కష్టం గనక ఆయన నోటిని జోకులతో నింపుకున్నాడు. ఆయన భార్య యమున ఒక్కతే ఆ సంగతి కనిపెట్టింది.

ఇక పరామర్శ. మన దగ్గర ప్రభుత్వ ప్రమేయం లేకుండా సక్రమంగా నడుస్తున్న ఏకైక శాఖ ఇదే. నిబంధనలు ఎక్కడా రాసి లేవు, అందుకే అందరూ పాటిస్తారు. వచ్చినవారు ఆపిల్ పండ్ల సంచితో రావాలి. రోగి ముఖం చూసి "ఎంత గుంజుకపోయినవ్ రా" అనాలి. పిమ్మట తమకు తెలిసినవారిలో ఇదే జబ్బుతో పోయినవారి వివరాలను ఊరు, వయసు, ఆఖరి మాటలతో సహా సమర్పించాలి. చివరగా "నీకేం గాదు" అని ధ్రువీకరించి టీ తాగి వెళ్లాలి. (పోయినవారి వివరాలకు ముందే "నీకేం గాదు" అంటే పరామర్శ చెల్లదు, మళ్లీ రావలసి ఉంటుంది.)

శ్యాంసుందర్ ఇంటికి రద్దీ పెరగడంతో కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి రాంప్రసాద్ తనను తాను పరామర్శల సమన్వయకర్తగా నియమించుకున్నాడు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, పొద్దున బంధువులకు, సాయంత్రం వ్యాపార మిత్రులకు స్లాట్లు కేటాయించాడు. 'రోగి ఎదుట ఏడవరాదు. తప్పనిసరి అయినవారు గేటు బయట ఏడ్చి రాగలరు' అని ప్రకటన పెట్టాడు. మర్యాదగా ఉంటుందని రోగిని కూడా గ్రూపులో చేర్చాడు.

ధర్మసాగర్ నుంచి వచ్చిన మల్లక్కకు స్లాటు లేదు. వరసకు అక్క గనక రాంప్రసాద్ అభ్యంతరం చెప్పలేకపోయాడు.

"తమ్మీ, కత్తి వెట్టనియ్యకు. మా ఊళ్లె ఒకాయన ఆకుపసరు పోస్తడు. ఆయన పసరు తాగినోళ్లు ఒక్కలు గూడ మళ్ల దవాఖాన మొకం చూడలే" అంది మల్లక్క.

"మరి ఎటు పోయిన్రక్కా?" అన్నాడు శ్యాంసుందర్.

హాలంతా గొల్లుమంది. మల్లక్క కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి పరామర్శ స్వరూపమే మారింది. జనం రోగిని చూడడానికి కాకుండా వినడానికి రాసాగారు. ఒకసారి వచ్చినవాళ్లు బావమరుదులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. శ్యాంసుందర్‌కు ఉత్సాహం పెరిగింది.

"నాకేం ఫికర్? ఫ్రీజర్ బాక్సు గూడ మనదే. ఊరోళ్లకు కిరాయి, ఓనరుకు ఫ్రీ" అన్నాడొకసారి. జనం పొట్టలు పట్టుకున్నారు. వంటింట్లో టీ గిన్నె కిందపడిన చప్పుడైంది.

అందరూ వెళ్లాక యమున వచ్చి ఎదురుగా నిలబడింది. "గా డబ్బా వాపసొస్తె కడిగేది ఎవలు? నేను. రేపు అండ్ల నిన్ను ఊహించుకుంట కడగాల్నా?" అంది.

"ఉత్తగ నవ్వుకుందామని అన్ననే."

"అందర్ని నవ్వియ్యి, వద్దనలే. నాతోనన్న సక్కగ మాట్లాడరాదూ" అంది యమున. శ్యాంసుందర్‌కు దానికి కూడా ఒక జోకు తోచింది గాని, బుద్ధి తెచ్చుకుని మింగేశాడు.

డాక్టర్ ఇచ్చిన మూడో తేదీ బేస్తవారం పడింది. బుధవారం సాయంత్రానికల్లా దవాఖానలో చేరాలి. ఆ సంగతి తెలిసిన జనం బుధవారం మధ్యాహ్నం నుంచే విరుచుకుపడ్డారు. హాలు చాలలేదు. రాంప్రసాద్ వీధిలో టెంటు వేయించాలని తీర్మానించాడు.

శ్యాంసుందర్ షాపులో ఒక పద్ధతి ఉంది. శుభకార్యానికి రంగుల టెంటు, చావుకు తెల్ల టెంటు. ఆ రోజు రంగులవన్నీ పెళ్లిళ్లకు పోయి ఉన్నాయి.

"సేటూ, తెల్లదొక్కటే ఉన్నది" అన్నాడు పనివాడు.

"ఎండకు రంగేందిరా? ఎయ్యి."

పనివాడు వేశాడు. తెల్ల టెంటు కింద కుర్చీలు ఎలా వేయాలో అతని చేతులకు అలవాటే గనక గుమ్మం వైపు ముఖం పెట్టి వరసగా వేశాడు. ఆ చేతులే అతన్ని అడగకుండా గేటు పక్కన కాళ్లు కడుక్కునేందుకు నీళ్ల డ్రమ్ము కూడా పెట్టాయి. రాంప్రసాద్ ఏర్పాట్లు మెచ్చుకుని, ఫొటో తీసి, కింద ఒక్క ముక్క రాయకుండా గ్రూపులో పెట్టాడు.

మొదటి 'ఓం శాంతి' రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత వరసగా వచ్చాయి. మంచి మనిషని ఒకరు, నవ్వుల రారాజని ఒకరు, తమ ఫంక్షన్‌కు కుర్చీలు తక్కువ పంపినా మనసులో పెట్టుకోలేదని ఒకరు. శ్యాంసుందర్ అన్నీ చదివి, 'సంతాపం తెలిపిన అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతం టీ తాగుతున్నాను. ఇట్లు, పోయినవాడు' అని జవాబిచ్చాడు. దానికి కూడా ఇద్దరు దండం పెట్టారు. (గ్రూపుల్లో పైనున్న మెసేజ్ చదివే ఆచారం లేదు.)

అంతలో నూనె వ్యాపారి రాయమల్లు పూలదండతో వచ్చాడు. చిన్నప్పటి దోస్తు. వీధి మొదటి నుంచే "నన్ను ఇడిసిపెట్టి పోతివా శ్యామూ" అని ఏడ్చుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని బిస్కట్ తింటున్న శ్యామును చూసి ఆగిపోయాడు. తెచ్చిన దండను ఏం చేయాలన్నదానికి నిబంధనల్లో ఏ వెసులుబాటూ లేదు. కాసేపు ఆలోచించి, శ్యాంసుందర్ మెడలోనే వేశాడు.

"సన్మానమనుకో" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"శాలువా ఏది మరి?" అన్నాడు శ్యాంసుందర్.

జనం చప్పట్లు కొట్టారు. నవ్వులకు పక్క వీధిలోంచి కూడా జనం వచ్చారు. శ్యాంసుందర్ దండతో, జోకు మీద జోకు వేస్తూ వెలిగిపోతున్నాడు. పొద్దు వాలింది. దవాఖానకు పోవాల్సిన వేళ దాటిపోతోంది. "ఇంతమంది వస్తే ఇడిసి ఎట్ల పోత? వచ్చే వారం చూస్త" అని ఎవరితోనో అన్నాడు.

అప్పుడు యమున సంచి పట్టుకుని బయటికి వచ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె పరామర్శల మధ్యకు రావడం అదే మొదలు. నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఒక్కటే అడుగుత. జోకు లేకుంట చెప్పు. దవాఖానకు ఎందుకు వస్తలేవు?"

టెంటు కింద అందరూ మాటలు ఆపి, కుర్చీల్లో ముందుకు జరిగారు. ఇంత మంచి ప్రశ్నకు శ్యాం భాయ్ ఎంత మంచి జవాబిస్తాడోనని రాంప్రసాద్ ఫోను వీడియోలో పెట్టాడు. శ్యాంసుందర్ నోరు తెరిచాడు. నాలుగైదు జవాబులు నాలుక మీదికి వచ్చాయి, ఒకటి చాలా బాగుంది కూడా. యమున ముఖం చూశాడు. ఆ ముఖంలో నిద్ర లేదు, కోపం కూడా అయిపోయింది.

"భయమైతాందే" అన్నాడు. "మస్తు భయమైతాంది. మత్తిచ్చినంక మళ్ల లేస్తనో లేదో. నిన్ను మళ్ల చూస్తనో లేదో. నాకు సావాలని లేదే."

జనం టెంటు లేచిపోయేటట్టు నవ్వారు. రాయమల్లు కుర్చీ మీదినుంచి జారాడు. శ్యాంసుందర్ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే "ఆక్టింగు సుత చేస్తాండు సూడున్రి" అని ఎవరో అరిచారు. మల్లక్క నవ్వీ నవ్వీ దగ్గింది.

యమున ఆయన మెడలోంచి దండ తీసి కుర్చీకి తగిలించింది. కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "నాకు సుత భయమే. పా, ఆటో ఉన్నది. నీ పక్కకే ఉంట" అని చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ కుర్చీల మధ్య నుంచి నడుస్తుంటే జనం నవ్వు ఆపుకోలేకుండానే దారి ఇచ్చారు.

ఆ సాయంత్రం రాంప్రసాద్ వీడియోను గ్రూపులో పెట్టాడు. శ్యాంసుందర్ ఇంతవరకు వేసిన జోకులన్నిటిలో అదే గొప్పదని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు.