ఆదివారమే ఆఖరి రోజు

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ధర్మయ్య తన సైకిల్ షాపు షట్టరు ఎత్తి, వెనక గోడకి ఆనుకుని ఉన్న పదకొండు సైకిళ్ల వంక చూసి, "ఇవాళ మీ సంగతి తేల్చేస్తాను" అన్నాడు.

ఆ పదకొండూ బాగుచేయమని ఇచ్చి, మళ్లీ ఆ వీధి మొహం చూడని వాళ్లవి. ఢిల్లీ జనక్‌పురిలో షాపు పెట్టిన ముప్పై ఆరేళ్లలో ఒకటొకటిగా పోగుపడ్డాయి. బదిలీ మీద నాగపూర్ వెళ్లిపోయిన ఆడిట్ ఆఫీసరుది ఒకటి, స్కూటీ కొనుక్కున్న రోజే సైకిలుందన్న సంగతి మరిచిపోయిన టీచరమ్మది ఒకటి, బ్రేకులు బిగించమని ఇచ్చి పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన కుర్రాడిది ఒకటి. ధర్మయ్య నెలకోసారి వాటన్నిటికీ గాలి కొట్టి, చైన్లకి నూనె వేసి, గుడ్డతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టేవాడు. రేపెప్పుడైనా వచ్చి అడిగితే ఏం చెబుతామన్నది ఆయన వాదన.

"వాళ్లు వచ్చేసరికి మీరూ నేనూ ఉండం. సైకిళ్లు మాత్రం నిగనిగలాడుతూ ఉంటాయి" అనేది ఆయన భార్య ఛాయాదేవి.

ఛాయాదేవి చేతి పచ్చళ్లకీ పొడులకీ పక్కనున్న ద్వారక అపార్ట్‌మెంట్ సొసైటీల్లో తెలుగువాళ్ల దగ్గర మంచి పేరుంది. ఇంట్లో సీసాలు పెట్టే చోటు చాలక, షాపు వెనక సగం తనకి ఇవ్వమని అడిగింది. ఈ ఏడాది సగం, వచ్చే ఏడాది మొత్తం అన్నది ఒప్పందం. ఒప్పందమంటే, ఆవిడ చెప్పింది, ఆయన తల ఊపాడు. ఇప్పుడు సైకిళ్లు ఇంటికే అట్టపెట్టెలో వచ్చేస్తున్నాయి. బిగించుకోవడానికి పానా కూడా ఆ పెట్టెలోనే పెట్టి పంపిస్తున్నారు. ఇంక తనతో పనేముందని ఊపిన తల అది. ఊపాడన్న మాటే గానీ, ఆనాటినుంచి ఆయనకి అన్నం సయించడం లేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

షాపు ముందు వీధి వైపు తిప్పి ఒక నల్లబల్ల ఉంటుంది. ధర్మయ్య సుద్దముక్క తీసుకుని, వచ్చిన హిందీలోనే, మూడు వరుసలు రాశాడు. "బాగుచేయడానికి ఇచ్చి మరిచిపోయిన సైకిళ్లు దయచేసి తీసుకెళ్లండి. లేకపోతే తీసేస్తాం. ఆదివారమే ఆఖరి రోజు." కింద ధర్మయ్య అని సంతకం పెట్టాడు. రాసింది రెండుసార్లు చదువుకుని, మర్యాదగానే ఉందనుకుని లోపలికి వెళ్లాడు.

అరగంటకి ఎవరో పంక్చర్ పడిన సైకిలు తెచ్చారు. ధర్మయ్య ట్యూబు ఊడదీసి, తొట్టిలో ముంచి, చిల్లు పట్టుకుని, అలవాటు ప్రకారం ఆ తడి ట్యూబుని ఆరడానికి నల్లబల్ల మీదే వేలాడేశాడు. నీళ్లు కారి పై రెండు వరుసలూ శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయాయి. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి ట్యూబులో నీళ్లు అయిపోయాయి.

తొమ్మిదింటికి సుధీంద్ర నడక ముగించుకుని అటుగా వచ్చాడు. ఆయన ఆ చుట్టుపక్కల తెలుగు సంఘానికి కార్యదర్శి. సభ జరపడానికి కారణం దొరక్క రెండు నెలలుగా దిగులుగా ఉన్నాడు. నల్లబల్ల మీద "ఆదివారమే ఆఖరి రోజు - ధర్మయ్య" అన్నది చదివి అక్కడే నిలబడిపోయాడు. లోపల ధర్మయ్య వీపు తిప్పి కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. ఆ వీపు చూస్తే సుధీంద్రకి కళ్లు చెమర్చాయి. పలకరించకుండా ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి చేరేలోపే వాట్సాప్‌లో ఒక కొత్త గ్రూపు పుట్టింది. ధర్మయ్యది బటన్ల ఫోను కాబట్టి ఆయనకి తెలిసే ప్రమాదం లేదు. ఛాయాదేవిని కావాలనే చేర్చలేదు. "ముప్పై ఆరేళ్ల షాపు మూతపడుతోంది. ఆదివారం పదింటికి వీడ్కోలు సభ. ఆ దంపతుల ముందు ఎవరూ నోరు జారవద్దు. వచ్చేవాళ్లు ఆయన చేతి మీదుగా వచ్చిన గుర్తు ఏదైనా ఉంటే తెచ్చి ఆయనకి సమర్పించండి" అని సుధీంద్ర రాశాడు. సాయంత్రానికి గ్రూపులో నూట ఎనభై మంది చేరారు. సగం మంది ఏడుపు బొమ్మలు పెట్టారు.

శనివారం పొద్దున్న అన్నమ్మ షాపుకి వచ్చింది. ఆవిడ పెద్ద ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. గుంటూరు మనిషి. నోరు జారవద్దన్నారు గానీ, చూసి రావద్దనలేదు కదా అని వచ్చింది. స్టూలు మీదినుంచి లేస్తూ ధర్మయ్య కుంటడం చూసింది. షాపు మూయడానికి అసలు కారణం ఇదన్నమాట అనుకుంది.

"ఎప్పట్నించి ధర్మయ్యా?" అంది మెల్లిగా.

"రెండేళ్ల నించండి. చలి మొదలైతే మరీను."

"డాక్టరేమన్నాడు?"

"ఇంక మందులతో లాభం లేదన్నాడండి. కోయాలన్నాడు. నాకు భయం. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు నడుస్తుందని వదిలేశాను."

"ఛాయకి తెలుసా?"

"తెలీకేం? రోజూ నూనె కాచి రాస్తది."

"నూనా!" అని అన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిచ్చిది. ఏదో ఒకటి చెయ్యాలని దాని తాపత్రయం."

ముప్పై ఏళ్లు రోగుల మధ్య తిరిగిన మనిషికి, జబ్బు ఎక్కడ అని అడగాలని తోచలేదు. మోకాలండీ అని చెప్పాలని ధర్మయ్యకీ తోచలేదు. కనిపిస్తూనే ఉందిగా అనుకున్నాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మోకాలి నొప్పికి ఇంత కదిలిపోయే మనుషులు ఇంకా ఉన్నారని ధర్మయ్య సంతోషించాడు.

మధ్యాహ్నానికి గ్రూపు రెండుగా చీలింది. ఆఖరి రోజు షాపుకేనని కొందరు, కాదు ఆయనకేనని అన్నమ్మ పక్షం వాళ్లు. తేదీతో సహా ముందే తెలియడం ఎలాగని ఎవరో అడిగితే, "పుణ్యాత్ములకి తెలుస్తుంది" అని ఇంకెవరో జవాబిచ్చారు. సుధీంద్ర చిక్కులో పడ్డాడు. బ్యానరు మీద "వీడ్కోలు సభ" అని అచ్చు వేయిస్తే, రేపు ఎలా చదువుకుంటే ఏమవుతుందోనని భయపడి, ఎటు తిరిగినా సరిపోయేలా "ధర్మయ్య గారికి కృతజ్ఞతాంజలి" అని వేయించాడు. దాని మీద ధర్మయ్య ఫోటో చుట్టూ బంతిపూల దండ పెట్టాలన్నది మాత్రం అచ్చు వేసేవాడి సొంత ఆలోచన.

ఆదివారం పదింటికి ధర్మయ్య, ఛాయాదేవి షాపుకి వచ్చారు. సైకిళ్ల కోసం ఎవరైనా వస్తే పెట్టొచ్చని ఆవిడ ఒక గిన్నెడు పులిహోర కూడా తెచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి షామియానా కనిపించింది. ఎవరిదో పెళ్లనుకున్నారు. దగ్గరికొస్తే తలుపంత బ్యానరు మీద, పూలదండ మధ్యనించి, ధర్మయ్య నవ్వుతున్నాడు.

ఛాయాదేవి గిన్నె కింద పెట్టి, పక్కనున్న భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని చూసింది. "ఏమండీ, ఉన్నారు కదా?" అంది.

"ఉన్నట్టే ఉందే" అన్నాడు ధర్మయ్య.

అంతలో జనం చుట్టుముట్టారు. ధర్మయ్య కళ్లు మాత్రం వాళ్ల వెనకే ఉన్నాయి. ఒక్కొక్కరూ ఒక్కో సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు. తన ప్రకటన చదివి సైకిళ్లు తీసుకెళ్లడానికి వచ్చారనుకున్నాడాయన. కానీ సైకిళ్లు బయటికి పోవడం లేదు, లోపలికి వస్తున్నాయి. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరు సాకేత్ తన చిన్నప్పటి ఎర్ర సైకిలు కారు డిక్కీలోంచి దింపి ధర్మయ్య చేతిలో పెట్టాడు. ఢిల్లీలోనే పుట్టిన పిల్లాడు. "అంకుల్, యే ఆప్‌కే పాస్ హీ రహేగీ. మీ దగ్గరే ఉండాలి. అంతే" అని పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"అది కాదు బాబూ, నేను చెప్పేదేంటంటే..." అని ధర్మయ్య మొదలుపెట్టేలోపు సుధీంద్ర శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టేశాడు. "మీరేమీ మాట్లాడకండి. అలిసిపోతారు" అన్నాడు.

మొదట అన్నమ్మ మైకు అందుకుంది. "నాకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు సైకిలు నేర్పాడీ మనిషి. పొద్దున్న అయిదింటి డ్యూటీకి బస్సు దొరికేది కాదు. చలికాలం పొగమంచులో నేను చీర కుచ్చిళ్లు దోపుకుని తొక్కుతుంటే, వెనక క్యారియరు పట్టుకుని పరిగెత్తేవాడు. ఒకరోజు నా పాటికి నేను మాట్లాడుకుంటా పోతున్నా. పలకడేంటా అని వెనక్కి చూస్తే, అల్లంత దూరాన గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఎప్పుడు వదిలేశాడో నాకు ఈ రోజుకీ తెలీదు." అక్కడికి ఆవిడ మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టేసింది.

తర్వాత భీమేశ్వరరావు లేచాడు. ఒకప్పుడు సివిల్స్ పరీక్షల కోసం కరోల్ బాగ్‌లో గది తీసుకుని చదివినవాడు. "పరీక్ష పోయినప్పుడల్లా ట్యూబులో గాలి లేదని ఇంత దూరం వచ్చేవాణ్ణి. కరోల్ బాగ్‌లో పంక్చర్లు వెయ్యరా అని ధర్మయ్య గారు ఒకసారి అడిగారు. వేస్తారండీ, తెలుగులో వెయ్యరు అన్నాను. ఆయన ట్యూబు నీళ్లలో ముంచి గంటసేపు చిల్లు వెతికేవారు. ఆ గంటా మాట్లాడుకునేవాళ్లం. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ చదవాలనిపించేది. ఇవాళ నిజం చెప్పేస్తాను. ఆ ట్యూబుకి ఎప్పుడూ చిల్లు లేదు. సందు మలుపులో గాలి నేనే తీసేసేవాణ్ణి."

"తెలుసు బాబూ" అన్నాడు ధర్మయ్య కుర్చీలోంచి. "చిల్లు లేని ట్యూబుకే ఎక్కువ సేపు పట్టేది."

జనం నవ్వారు, వెంటనే కళ్లు తుడుచుకున్నారు. "అయిదోసారీ రాలేదు. ఇప్పుడు ఆ పరీక్షకే పాఠాలు చెబుతున్నాను" అని భీమేశ్వరరావు కూర్చున్నాడు.

ధర్మయ్య ఒళ్లో చేతులు పెట్టుకుని వింటున్నాడు. పొగమంచూ, చీర కుచ్చిళ్లూ, తొట్టిలో బుడగలు రాని ట్యూబూ ఒక్కొక్కటీ కళ్ల ముందుకొస్తున్నాయి. రోజూ చేసిన పనే, ఇన్నాళ్లూ పని అనే అనుకున్నాడు. ఇంకొకరు మైకు పట్టుకోబోతుంటే ఆయన ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది. "అబ్బా" అన్నాడు. నలుగురు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఎవరో అంబులెన్స్ అన్నారు.

"మోకాలండీ!" అని అరిచాడు ధర్మయ్య మైకులో. "నాకున్నది మోకాలి నొప్పి. అంతకి మించి ఏ రోగమూ లేదు."

అంబులెన్స్ అన్నవాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"మోకాలా?" అంది అన్నమ్మ. "నిన్నటి నించీ ఉపవాసం ఉన్నానయ్యా నీ కోసం!" అని, అంత కోపంలోనూ, పులిహోర గిన్నె వైపు నడిచింది.

సుధీంద్ర మొహం ఎర్రబడింది. "మరి ఆఖరి రోజని మీరే కదండీ రాశారు!" అంటూ నల్లబల్ల తెచ్చి ముందు పెట్టాడు. ధర్మయ్య దాన్ని చూసుకున్నాడు, దాని మీద ట్యూబు నీళ్లు కారిన చారల్ని చూశాడు, తుడిచిపోయిన రెండు వరుసలూ గుర్తు చేసుకుని, నోటితో చదివి వినిపించాడు. ముందు సాకేత్ నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు.

నవ్వులు సద్దుమణిగాక భీమేశ్వరరావు అడిగాడు. "అయితే షాపు మూయడం లేదా?"

ధర్మయ్యకి ఆ ఒప్పందం గుర్తొచ్చింది. తల ఊపిన సంగతి ఛాయాదేవికీ తనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఆయన్ని కాదు, సైకిళ్ల పక్కన నిలబడ్డ మనుషుల్ని చూస్తోంది.

"లేదు" అన్నాడు ధర్మయ్య. "మూయను. ఈ ఏడూ కాదు, వచ్చే ఏడూ కాదు."

చప్పట్లు మోగాయి. ధర్మయ్య బెదురుతూ కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఛాయాదేవి అంది, "ఆ మాట నాతో అనడానికి ఇంతమంది జనమూ, మైకూ కావాల్సొచ్చాయా మీకు?"

"నువ్వు బాధపడతావని..."

"నాలుగు నెలల్నించి సగం కంచం వదిలేసి లేస్తున్నారు. నా వంటే చెడిందేమో అని బాధపడుతున్నాను. దానికన్నా ఇదే నయం."

సభ ముగిసింది. తెచ్చిన సైకిళ్లు ఎవరివి వాళ్లు తీసుకెళ్లండని ధర్మయ్య బతిమాలాడు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఆయనకి మంచిది కాదని అన్నమ్మ తేల్చేసింది. అసలు రావలసిన పదకొండు మందిలో ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నానికి షామియానా విప్పేశారు. పదకొండు సైకిళ్లు వదిలించుకుందామని మొదలుపెట్టిన మనిషి, ముప్పై నాలుగు సైకిళ్ల మధ్య, శాలువా కప్పుకుని నిలబడ్డాడు. వెనక గోడ కనిపించడమే మానేసింది.

ఛాయాదేవి గుమ్మంలో నిలబడి కాసేపు అంతా పరకాయించి చూసింది. ఇంటికెళ్లి సీసాల బుట్ట తెచ్చింది. అన్నమ్మ సైకిలు క్యారియరు మీద కందిపొడి, భీమేశ్వరరావు సైకిలు మీద మాగాయ, సాకేత్ ఎర్ర సైకిలు ముందు బుట్టలో గోంగూర, అలా వరసగా పేర్చుకుంటూ పోయింది. ధర్మయ్య వెనకే తిరుగుతూ ఒక్కో సైకిలుకీ స్టాండు సరిగ్గా పడిందో లేదో వంగి చూశాడు.

ఆ వారమంతా ఆ షాపులోంచి ఒక్క సైకిలూ కదల్లేదు. గోంగూర మాత్రం బుధవారానికే అయిపోయింది.