గదికి రెండు తలుపులు

ప్రతి ఆదివారం పొద్దున్నే అత్తగారూ కోడలూ కాఫీ కప్పులు పట్టుకుని, ఒకే ఫోన్ మీదకి వంగి, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇళ్లకి మార్కులేస్తారు. అమ్మకానికి పెట్టిన ఇళ్ల ఫోటోలన్నమాట. కోడలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టినందుకు ఆమెకి జీతమిస్తారు. అత్తగారు స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరు. ఆవిడ అదే పని ఉచితంగా చేస్తారు.

"'విశాలమైన హాలు' అట అత్తయ్యా. ఫోటోలో సగం సోఫాయే పట్టింది."

"ఆ బాత్రూం అద్దంలో చూడు, బనీను మీద ఓనరుగారు. ఆయన్ని కూడా కలిపే ఇస్తారేమో కనుక్కో."

"ఇదిగో, ఈ ఇల్లు ఓడలా కట్టారట. స్నానాలగదిలో స్టీరింగు చక్రం కూడా ఉంది."

"ఒంటికి సబ్బు రాసుకుని ఎటు పోదామనే? పదికి నాలుగు వెయ్యి. ఆ నాలుగూ ధైర్యానికి."

అయితే ఆ ఆదివారం, ఓడ ఇంటి తర్వాత ఫోన్లో కనబడింది వాళ్ల సొంత ఇల్లే. ముందురోజు సాయంత్రమే అమ్మకానికి పెట్టారు.

ఆ ఇంటిని కట్టించిన పాత ఆసామికి నడవా అంటే పడదు. నడుమ మెట్లూ స్నానాలగదీ పెట్టి, వాటి చుట్టూ అయిదు గదుల్ని దండలా గుచ్చాడు. హాల్లోంచి వంటిల్లు, వంటింట్లోంచి కుట్టు గది, అందులోంచి పడకగది, అక్కణ్ణించి చదువుకునే గది, మళ్లీ హాలు. గదికి రెండు తలుపులు. ఎక్కడా గడప అన్నది లేదు. ఏ గదికి వెళ్లాలన్నా ఇంకో గది మీదుగా వెళ్లాల్సిందే. కోడలు ఇంటినించి మీటింగులో మాట్లాడుతుంటే, వెనకనుంచి ఎవరో ఒకావిడ నిక్కరు పట్టుకుని "టైలరమ్మగారు ఉన్నారా?" అంటూ దాటిపోయేది. ఆ ఇంటి కొడుకు లెక్కల మాస్టారు. తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి బయటికొచ్చి, తన క్లాసు పిల్లాడి తల్లికి రెండుసార్లు నమస్కారం పెట్టాల్సొచ్చింది.

అందుకే వేరే ఇల్లు చూసుకున్నారు. తలుపేసుకుంటే ఎవరూ అటు మీదుగా వెళ్లని గదులు. కోడలు ఆ గదుల్ని కలలో కూడా చూస్తోంది. కానీ ఆ ఇంటి ఓనరు తేల్చి చెప్పేశాడు: ఆదివారం సాయంత్రంలోగా మాట ఖాయం చెయ్యకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తానని. ఈ ఇల్లు అమ్ముడుపోతే తప్ప మాట ఇవ్వడానికి లేదు.

ఫోటోలు తీసింది కోడలే. ఇన్నాళ్లూ జనాన్ని దేనికైతే వెక్కిరించిందో అదేదీ తన ఫోటోల్లో ఉండకూడదని పట్టుబట్టింది. హాల్లో సామానంతా వంటింట్లోకి తోసి హాలు తీసింది. వంటింట్లోది కుట్టు గదిలోకి తోసి వంటిల్లు తీసింది. అలా ఒక చుట్టు చుట్టేసరికి, మనుషులు ఎప్పుడూ కాపురం చెయ్యనట్టుండే అయిదు గదులు తయారయ్యాయి. గదికి రెండేసి తలుపులున్న సంగతి తెలిస్తే ఎవరూ కొనరని, ఫోటోల్లో ఒక్క తలుపు కూడా పడకుండా జాగ్రత్తపడింది.

"పదికి పది" అన్నారు అత్తగారు. కోడలు వినయంగా తొమ్మిదిన్నర పుచ్చుకుంది.

ఆ రోజు ప్లాను తేలికే. పదింటికి వ్యాను వచ్చి సామాను ఎక్కించుకుని, కొనేవాళ్లు చూసి వెళ్లేదాకా వీధి చివర ఆగుతుంది. పదకొండింటికి ఏజెంటు కొనేవాళ్లని తీసుకొస్తాడు. "మీరెవరూ కంటబడకండి. ఓనర్లు ఎదురుగా ఉంటే కొనేవాళ్లు నోరు విప్పరు" అని అతను ముందే చెప్పి, తాళంచెవి ఒకటి పట్టుకెళ్లాడు. అందుకని సామానంతా హాల్లో సిద్ధంగా ఉంది. అత్తగారి చక్రాల కటింగు బల్ల మీద కొండలా పేర్చారు. దాని వెనక చక్రాల స్టాండుకి నలభై యూనిఫారాలు వేలాడుతున్నాయి.

తొమ్మిదింబావుకి గేటు చప్పుడైంది.

"రండి సార్, రండి మేడమ్. కాస్త ముందొచ్చినా ఏం ఫర్వాలేదు, ఇల్లంతా ఖాళీయే" అని ఏజెంటు గొంతు వినబడింది.

కోడలు మొగుడి వంక చూసింది. మాస్టారికి ఒక చెంప గీసుకోవడం అయింది. రెండో చెంప నురగలో ఉంది.

"వంటింట్లోకి తొయ్యండి!" అంది కోడలు.

"మరి నా మోకాలు?" అన్నారు అత్తగారు.

"ఎక్కి కూర్చో అమ్మా!" అంటూ మాస్టారు తల్లిని అమాంతం ఎత్తి బల్ల మీద, పరుపుచుట్టకీ ఫ్యానుకీ మధ్య కూర్చోబెట్టాడు. ఆవిడ కుట్టుమిషను తలని పసిబిడ్డలా ఒళ్లోకి తీసుకున్నారు. తాళంచెవి తిరిగేలోగా బండి వంటింట్లో ఉంది.

హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి. "చూశారా సార్, ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క చెప్పు మాత్రం ఉందనుకోండి..."

"నాదే" అని గొణిగాడు మాస్టారు, కాళ్లు చూసుకుని.

"మనం ఒక గది ముందుంటే చాలు. చుట్టూ తిరిగి మళ్లీ హాల్లోకొచ్చేస్తాం. మా భాషలో దీన్ని సర్క్యులర్ క్యూ అంటారు అత్తయ్యా."

"క్యూలో నిలబడతారే, ఇలా పరిగెత్తరు. ముందు తొయ్యి!"

కుట్టు గదిలోకి వచ్చారు. అక్కడ కొలతల టేపు కనబడక అత్తగారు మెడ తడుముకున్నారు. అది వంటింటి నేలమీద దొరికింది, కాకపోతే కొనడానికొచ్చినావిడకి.

"టేపు ఇక్కడ పెట్టారేంటి?"

"మీరు కొలుచుకోడానికే మేడమ్" అన్నాడు ఏజెంటు, ఏమాత్రం తడుముకోకుండా. "ఓనర్లు చాలా ముందుచూపున్నవాళ్లు."

ఆవిడ నిజంగానే కొలవడం మొదలెట్టింది. గోడలూ కిటికీలూ వదిలేసి, తలుపులు మాత్రమే. "పడుతుందంటారా?" అని భర్తని అడిగింది. "మలుపు దగ్గర కష్టమేమో" అన్నాడాయన.

కుట్టు గదిలో కోడలు మొగుడి చెవిలో గుసగుసలాడింది. "తలుపుల సంగతి కనిపెట్టేశారు. వంకలు వెతుకుతున్నారు."

"ఏదో పెద్ద బీరువా ఉన్నట్టుంది. పట్టదని వెళ్లిపోతారు" అన్నాడు మాస్టారు.

అంతలో సామాను అడుగునెక్కడో మాస్టారి ఫోను మోగింది. వ్యాను డ్రైవరై ఉంటాడు. అత్తగారు దిండుతో అదిమారు. అది దిండు కిందనుంచి మరింత దీనంగా మోగింది.

"అదేంటి?" అంది కొనడానికొచ్చినావిడ.

"పక్కింట్లో చంటిపిల్ల" అన్నాడు ఏజెంటు. అతనికీ అనుమానం మొదలైందని ఆ గొంతే చెబుతోంది.

పడకగదిలోకి తోశారు. ఇంకా రెండే గదులు. చదువుకునే గదిలోకి, అక్కణ్ణించి హాల్లోకి వెళ్లిపోతే గట్టెక్కినట్టే. కోడలు బండిని మలుపు తిప్పింది. సరిగ్గా అప్పుడే ఎదుటి తలుపులోంచి మరో బండి వచ్చి ముక్కుకి ముక్కు ఆనించి ఆగింది.

అది చక్రాల కుర్చీ. అందులో తెల్లమీసాల పెద్దాయన, ఒళ్లో పేపరుతో.

"రివర్సు తీసుకోండి" అన్నాడాయన, బల్ల మీదున్న అత్తగారిని చూసి పిసరంతైనా ఆశ్చర్యపోకుండా.

"మీరే తీసుకోండి. నాది లోడు బండి" అన్నారు అత్తగారు.

"ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపానమ్మా. మలుపులో హారను కొట్టకుండా వచ్చింది మీరు."

"ఇది మా ఇల్లండీ! మా పడకగదిలో హారనేమిటి?"

"ఇల్లు ఖాళీ అన్నాడే ఏజెంటు?"

ఈ మాటకి జవాబు దొరికేలోగా వెనక తలుపులోంచి ఏజెంటూ, ఆ భార్యాభర్తలూ వచ్చేశారు. వాళ్ల కళ్లముందు అయిదు గదుల సామానూ, నలభై యూనిఫారాలూ, సగం నురగతో మాస్టారూ ఉన్నారు. ఒళ్లో మిషనుతో అత్తగారు ఉన్నారు. కోడలు జీతానికి పనిచేసే బుర్రని ఎంత కదిపినా ఒక్క అబద్ధం కూడా రాల్లేదు. సాయంత్రంలోగా మాట ఖాయం చేసే ఆశ, ఆ తలుపేసుకునే గదులతో సహా, ఆవిరైపోవడం ఆమెకి స్పష్టంగా తెలిసింది.

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "ఓనర్లు... చాలా ముందుచూపున్నవాళ్లు" అన్నాడు మళ్లీ.

"నాన్నా! కారులో కూర్చోమన్నాను కదా. లోపలికెలా వచ్చావ్?" అంది కొనడానికొచ్చినావిడ.

"ఎలా ఏముంది, వచ్చేశా. స్కూటరు ఎక్కించే వాలు మీదుగా ఎక్కా, తలుపు తీసే ఉంది. ఎక్కడా గడప తగల్లేదు. ఒక్కసారి కూడా వెనక్కి తియ్యాల్సిన పని పళ్లేదమ్మాయ్." ఆయన అత్తగారి బండిని చక్రాల నుంచి ఫ్యాను దాకా ఒక డ్రైవరు చూపుతో చూశాడు. "ఇదెక్కణ్ణించి వస్తోంది?"

"హాల్లోంచండీ" అన్నాడు మాస్టారు, దొంగలా. "వంటింట్లోంచి, కుట్టు గది మీదుగా..."

"ఈ లోడుతోనా? ఎక్కడా తగల్లేదూ?"

"ఒక చెప్పూ, ఒక టేపూ పోయాయండీ. అంతే."

ఆవిడ చేతిలో టేపు చుట్టేసింది. కోడలి వైపు తిరిగి, "ఏమనుకోకండి, మీ ఫోటోలు పరమ ఘోరంగా ఉన్నాయి" అంది. "ఒక్క తలుపు కనబడితే ఒట్టు! నాన్న కుర్చీ పడుతుందో లేదో తెలీక, ఆయన్ని కారులో వదిలేసి వచ్చాం. ఇప్పుడుంటున్న ఇంట్లో ఆయన ఏ గదిలోకి వెళ్లినా వెనక్కి రావడమే."

"ఆరేళ్లుగా రివర్సులోనే బతుకుతున్నా" అన్నాడు పెద్దాయన. "అమ్మా, లోడు బండీ, కాస్త పక్కకి తియ్యి."

అత్తగారు ఈసారి వాదించలేదు. బల్ల పక్కకి జరిగింది. పెద్దాయన కుట్టు గదిలోకి దూసుకుపోయాడు. చక్రాల చప్పుడు వంటింట్లోకి వెళ్లింది, హాల్లో కాసేపు మలుపు తిరిగింది, చదువుకునే గదిలోంచి మళ్లీ పడకగదిలోకి వచ్చింది. ఆయన ఆగలేదు. రెండో చుట్టుకి మాస్టారు రెండో చెప్పు కూడా విప్పేసి వెనకాలే పరిగెత్తాడు. మూడో చుట్టుకి పెద్దాయన నోటితో హారను కొట్టడం మొదలెట్టాడు. అత్తగారు బల్ల మీదనుంచి, "రైట్, రైట్!" అని అరిచారు.

"ఎవరికైనా మాటిచ్చేశారా?" అని ఆవిడ భర్త కంగారుగా అడిగాడు.

"లేదండీ" అంది కోడలు. "అంటే, ఇంకా లేదు."

"ఇవ్వకండి. మాకే."

అప్పటికి పది కొట్టింది. గుమ్మంలో వ్యాను డ్రైవరు, "ఫోనెత్తరేంటండీ?" అంటున్నాడు. సాయంత్రం అయిదింటికి కోడలు రెండో ఇంటి ఓనరుకి ఫోన్ చేసి మాట ఖాయం చేసింది. ఆ తర్వాత తన ఫోటోలు మళ్లీ ఒకసారి చూసుకుని, ఎవరూ అడక్కుండానే పదికి రెండు వేసుకుంది.

కొత్త ఇంట్లో గదికి ఒకటే తలుపు. దాంతో ఎవరైనా చెప్పకుండా వస్తే సామాను తోసెయ్యడానికి దారి లేక, ఆ కుటుంబం ఇప్పుడిప్పుడే ఇల్లు సర్దుకోవడం నేర్చుకుంటోంది.