బొల్లయ్య పూడ్పించిన గుంతలు

ఒక పెద్ద అడవిలో మేయరు ఎన్నికలు వచ్చాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది నేను కాస్త అటూ ఇటూ చేసినా, జరిగింది మాత్రం ఇదే.

మేయరు ఎలుగుబంటి బొల్లయ్య. అప్పటికి రెండుసార్లు గెలిచాడు. మూడోసారి ఓడితే చల్లటి మేయరు గుహ ఖాళీ చేసి, మళ్లీ పుట్టలు తవ్వుకుంటూ తిరగాలి. ఆ దిగులుతో తేనె కూడా సయించడం లేదు.

జింకలు రోజూ గుహ ముందు చేరి ఒకటే గోల. “ఇవీ ఒక రోడ్లేనా? గుంతల్లో పడి మా కాళ్లు విరుగుతున్నాయి.”

“పూడ్పించేయండి సార్,” అంది సలహాదారు నక్క. “జింకల ఓట్లన్నీ మనకే.”

వారం తిరక్కుండా అడవంతా నున్నటి తారు పరిచారు. పదవిలోకి వచ్చాక బొల్లయ్య చేసిన మొదటి పని అది. తనకే ముచ్చటేసి, ఆ రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాడు.

మర్నాడు కప్పల పెద్ద బెక్కమ్మ వచ్చింది. ఆమె వెనక వేలాది కప్పలు.

“బాబూ, మా ఇళ్లేవి?”

“అవి గుంతలమ్మా.”

“నీకు గుంతలు. మేం మూడు తరాలుగా వాటిలోనే కాపురాలు చేస్తున్నాం. నువ్వు వాటి జోలికి రావనే కదా రెండుసార్లూ నీకు ఓటేసింది?”

బొల్లయ్య నక్క వైపు చూశాడు. నక్క ఆకాశం వైపు చూసింది.

కప్పలు అటునుంచి అటే, పోటీలో ఉన్న తాబేలు కూర్మమ్మ దగ్గరికి వెళ్లాయి.

“గెలిస్తే ఏం చేస్తావు వదినా?” అంది బెక్కమ్మ.

“నేనేం చేయగలనమ్మా? ఆఫీసుకి చేరేసరికే ఐదేళ్లూ అయిపోతాయి. నాలుగు వానలు పడితే ఆ రోడ్డు అదే పోతుంది, మీ ఇళ్లు మీకొస్తాయి.”

ఇంత నమ్మకమైన హామీ కప్పలు ఎన్నడూ వినలేదు.

పోలింగు రోజు పొద్దున్నే కప్పలు బారులు తీరాయి. బొల్లయ్య జింకల కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఇక ఆగలేక నక్కను పంపాడు.

నక్క ఒగరుస్తూ తిరిగొచ్చింది.

“సార్, ఇవాళ సెలవు కదా. రోడ్డు బాగుందని జింకలన్నీ పిల్లాపాపలతో కొండకి షికారు వెళ్లాయి. మీకు థాంక్స్ చెప్పమన్నాయి.”

కూర్మమ్మ గెలిచింది. సాయంత్రం బొల్లయ్య గుహ ఖాళీ చేసి బయటికొచ్చేసరికి, నక్క అప్పటికే కూర్మమ్మ పక్కన, ఆమె నడకకు తగ్గట్టు మెల్లగా నడుస్తోంది.

ఇందులో నీతి: మూడోసారి గెలవాలనుకునేవాడు, తనను రెండుసార్లు గెలిపించిన గుంతను పూడ్చకూడదు.

హైమా, పేర్లు ఎక్కడైనా తారుమారయ్యాయేమో, మీ పెద్దమ్మ కోసం ఒక్కసారి చూసిపెట్టవే.